మూత్రపిండముల వడపోత చెడినపుడు – ఇంటిలోని పరిచర్య



చెఱకు గానుగయొద్ద ఒక్క దినమైనను నిలిచి చూచినవారికి నేటి విషయము సులభముగా బోధపడును. నిజాంసాగరు ఆనకట్ట 1931లో పూర్తియై, మంజీరానీరు కాలువలగుండ మన రుద్రూరు, వర్ని, కోటగిరి, బోధను గ్రామములకు పాఱినది మొదలు చెఱకు మనకు ఇంటిపంట యైనది. శక్కర్‌నగరులో 1937లో వెలసిన నిజాము చక్కెర కార్ఖానా 2015లో మూతపడినను, రసమును వడకట్టుట ఎట్లో ఎఱుగని పెద్దవాడు ఈ ప్రాంతమున లేడు. పిండిన రసమును నేరుగా పెనములో పోయరు, గుడ్డగుండ దింపుదురు. పిప్పి పైన నిలుచును, రసము క్రిందికి జాఱును. గుడ్డ చినిగెనా, పిప్పి రసములో కలియును. గుడ్డ కన్నులు మడ్డితో పూడెనా, రసము దిగక పైననే నిలిచి పొరలిపోవును. మూత్రపిండములకు వచ్చు వ్యాధులలో ఒక జాతి యంతయు ఈ రెండు మాటలలో ఇమిడియున్నది: గుడ్డ చినుగుట, గుడ్డ పూడుట. కొందఱియందు ఈ రెండును ఒక్కమాఱే జరుగును.

మూత్రపిండములు రెండు, వెన్నెముకకు ఇరుప్రక్కల, చిక్కుడుగింజ ఆకారమున, పిడికిలి ప్రమాణమున నుండును. ఒక్కొక్కదానియందు సుమారు పదిలక్షల సూక్ష్మయంత్రములు కలవు. ప్రతి యంత్రమునకు మొదట, వెంట్రుకకంటె సన్ననైన రక్తనాళములు చుట్టుకొని దారపుటుండవలె నుండును. ఇటలీ దేశస్థుడగు మాల్పీఘీ యను పండితుడు 1666లో వీనిని సూక్ష్మదర్శినిలో చూచి వర్ణించెను. వైద్యులు దీనిని గ్లొమెరులస్ అందురు. మనము రక్తగుచ్ఛమందము. దినమునకు సుమారు 180 లీటర్ల నీరు ఈ గుచ్ఛములగుండ వడియును. అందు లీటరున్నర, రెండు లీటర్లు మాత్రమే మూత్రమై వెలువడును. తక్కినది మరల రక్తములోనికే పోవును. రక్తకణములను, మాంసకృత్తులను గుచ్ఛము లోపలనే నిలుపును. ఆ మాంసకృత్తులలో ముఖ్యమైనది ఆల్బుమిన్. కోడిగ్రుడ్డులోని తెల్లసొనకు దగ్గఱి చుట్టము. నాళములలోని నీటిని నాళములలోనే పట్టియుంచుట దాని పని. అది మూత్రములో కొట్టుకొనిపోయిన, పట్టు తప్పిన నీరు చర్మముక్రింద చేరును. అదియే ఉబ్బు.

మన వైద్యగ్రంథములలో ఉబ్బునకు గౌరవస్థానమున్నది. చరకసంహితయందు చికిత్సాస్థానమున శ్వయథువునకై ఒక అధ్యాయమే కలదు. అయినను ఉబ్బునకును మూత్రపిండములకును గల సంబంధమును కంటికి కట్టినట్లు చూపినవాడు లండను నగరమున గైస్ ఆసుపత్రిలో నున్న రిచర్డు బ్రైటు. ఉబ్బిన రోగుల మూత్రమును చెంచాలో పోసి కొవ్వొత్తిపై కాచిన, అది గ్రుడ్డు తెల్లసొనవలె గడ్డకట్టుట ఆయన చూచెను. ఆ రోగులు మృతినొందిన పిమ్మట వారి మూత్రపిండములు చెడియుండుట గమనించి 1827లో ప్రకటించెను. చెంచా, కొవ్వొత్తి! ఇంతకంటె పేద పరికరములతో ఇంతకంటె పెద్ద విషయమును కనుగొన్నవారు అరుదు. ఈ సంగతిని చెప్పుటకు కారణమున్నది. రోగిని చూచుట యొకటి, రోగి మూత్రమును చూచుట యొకటి. ఈ జాతి వ్యాధులలో రెండవదే నమ్మదగినది. ముఖము అబద్ధమాడును. మూత్రము ఆడదు. ఇది ఎట్లో ముందు చెప్పెదను.

మొదట గుడ్డ చినిగిన విధము. దీనిని నెఫ్రోటిక్ వ్యాధి యందురు. రెండేండ్లనుండి ఆఱేండ్లలోపు పిల్లలలో ఎక్కువగా వచ్చును, పెద్దలకును వచ్చును. ఉదయము లేచునప్పటికి కనుఱెప్పలు బరువెక్కి యుండును. సాయంకాలమునకు అవి తీసి పాదములు ఉబ్బును. మోకాలి క్రింద ముంగాలి ఎముకపై బొటనవ్రేలితో కొంతసేపు నొక్కి తీసిన గుంట నిలుచును. మొలనూలు, కడియములు బిగువగును. మూత్రము పోసినచోట చాలసేపు తెల్లని నురుగు విరుగక నిలుచును. ఆరోగ్యవంతుని మూత్రములో దినమునకు 150 మిల్లీగ్రాములకు మించి మాంసకృత్తులు పోవు. ఈ వ్యాధిలో పెద్దవానికి మూడున్నర గ్రాములు దాటును. పిల్లవాని బుగ్గలు నిండుట చూచి, వేసవిలో తిన్న మామిడిపండ్లు ఒంటబట్టినవని నాయనమ్మలు మురియుట నే నెఱుగుదును. నాలుగు దినములలో రెండు కిలోల బరువు పెరుగుట పోషణ కాదు. అది నీరు. ఒక కిలో పెరిగిన, సుమారు ఒక లీటరు నీరు దేహమున నిలిచినట్లు లెక్కింపవలెను.

ఇక గుడ్డ పూడిన విధము. రక్తగుచ్ఛములు వాచి, వాని దారులు మూసికొనిపోవును. మూత్రము తగ్గును, రక్తకణములు జాఱి మాంసము కడిగిన నీటివలెనో, పాలు కలుపని తేనీటివలెనో రంగు మాఱును, రక్తపుపోటు పెరుగును. దీనిని వైద్యులు నెఫ్రైటిస్ అందురు. క్షయవ్యాధికిచ్చు మందులలో రిఫాంపిసిన్ వలనను, బీట్‌రూట్ తినుటవలనను మూత్రము ఎఱ్ఱబాఱుట కలదు. వానికి భయపడ పనిలేదు. ఉబ్బుతో కూడిన రంగుమార్పునకు మాత్రము ఆ దినమే వైద్యుని చూపవలెను.

ఈ రెండవ విధమునకు మన గ్రామములలో పిల్లలయందు తఱచుగా మూలమేమన్న, గజ్జి. అవును, వ్రేళ్ళసందుల గజ్జియే. గజ్జి పురుగు కొఱికినచోట పిల్లవాడు గోకును. గోకినచోట పుండు పడును. పుండులో స్ట్రెప్టొకాకస్ అను సూక్ష్మజీవి చేరి చీము పట్టును. దేహము ఆ జీవితో పోరుటకు పుట్టించిన పదార్థములు, దానితో కలిసి ముద్దయై రక్తగుచ్ఛములలో చిక్కుకొని వాపు కలిగించును. గొంతునొప్పి తరువాతనైన వారము, రెండు వారములలోను, చర్మపు పుండ్ల తరువాతనైన మూడునుండి ఆఱు వారములలోను ముఖముబ్బు కనబడును. అప్పటికి పుండు మానిపోయి యుండును. తల్లి మఱచిపోయి యుండును. అందువలన ఉబ్బిన పిల్లవానిని చూచినప్పుడు మొట్టమొదట అడుగవలసిన ప్రశ్న, నెలనాళ్ళ క్రిందట వీనికి పుండ్లు లేచెనా, గొంతు నొచ్చెనా అనునది. ఇది మన దేశపు పేదతనమునకే పరిమితము కాదు. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున రెడ్‌లేక్ అను ఆదివాసుల నివాసమున 1953లోను, మరల 1966లోను ఈ వ్యాధి పిల్లలలో వ్యాపించినది.

చెఱకు నఱకు కాలమున పొరుగు ప్రాంతములనుండి వచ్చి చేల గట్లపై గుడిసెలు వేసికొను కుటుంబములను తలచికొనుడు. ఒక గుడిసెలో ఏడెనిమిదిమంది, ఒక దుప్పటిలో నలుగురు. అచ్చట ఒకనికి గజ్జి యున్న నెలలో అందఱికి అగును. ఒక్క పిల్లవానికి మందు పూసిన ప్రయోజనము లేదు. ఇంటిలోని వారందఱును, దురద లేనివారితో సహా, ఒకే రాత్రి మెడనుండి అరికాళ్ళవఱకు పెర్మెత్రిన్ లేపనము పూసికొని, ఉదయము స్నానము చేసి, బట్టలు దుప్పట్లు వేడినీట నుడికించి ఎండలో ఆరవేయవలెను. ఒకటి రెండు వారములలో మరల పూయవలెను. పసిపిల్లలకు తలకును పూయవలసియుండును. ఆ విధమును ఆరోగ్యకేంద్రమున అడిగి తెలిసికొనవలెను. చీము పట్టిన పుండ్లకు వైద్యుడు పెన్సిలిన్ జాతి మందు ఇచ్చును. పెద్దలు తమ తమ పొలములలో పనిచేయు గుడిసెలకు ఒక్కమాఱు ఆశా కార్యకర్తను వెంట తీసికొనిపోయిన, ఆ సంవత్సరము ఎందఱు పిల్లల మూత్రపిండములు వాచకుండునో!

ఈ పూడిన విధమున పిల్లలలో నూటికి తొంబదియైదుగురికి పైగా కోలుకొందురు. ఐనను మొదటి రెండు వారములు కత్తిమీద సామువంటివి. రక్తపుపోటు తటాలున పెరిగి, తలనొప్పి, చూపు మసకబాఱుట, వాంతి, తుదకు మూర్ఛ వచ్చును. నిలిచిన నీరు ఊపిరితిత్తులలో చేరి ఆయాసము వచ్చును. కావున ఇంటిలో పరిచర్య చేయువారు చేయవలసినదేమి?

ఇంటిలో పరిచర్య చేయువారు ఎవరు? చాలవఱకు తల్లి, లేక కోడలు. ఆమెకు చదువు వచ్చినను రాకున్నను ఒక చిన్న నోటుపుస్తకము ఇప్పించవలెను. వ్రాయుట రానిచో బడికిపోవు పిల్లవాడు వ్రాయును. ప్రతి దినము నాలుగు విషయములు వ్రాయవలెను. ఒకటి బరువు: ఉదయము మూత్రవిసర్జన చేసిన పిమ్మట, ఏమియు తినకముందు, ఒకే విధమగు బట్టలతో, ఒకే తక్కెడపై. తక్కెడ లేనివారికి అంగన్‌వాడీ కేంద్రమున నుండును. రెండు మూత్రము: గుర్తులున్న పాత్రలో ఉదయమునుండి మఱునాటి ఉదయమువఱకు పోసి కొలువవలెను. పెద్దవానికి దినమునకు 400 మిల్లీలీటర్లకు తగ్గిన అది ప్రమాదము. ఇరువది కిలోల పిల్లవానికి 240కి తగ్గిన ప్రమాదము. మూడు, త్రాగినదెంతయు: గంజి, మజ్జిగ, తేనీరు, చారు, మందు మ్రింగిన నీరు కూడ లెక్కింపవలెను. నాలుగు మూత్రపు రంగు, నురుగు, పరీక్షాఫలము. రక్తపుపోటు చూచు యంత్రమున్నవారు దానిని ఐదవదిగా చేర్చుదురు.

మూత్రపరీక్షకు ఇప్పుడు మందు అద్దిన చిన్న పట్టీలు మందుల దుకాణములలో దొరకును. ఉదయపు తొలిమూత్రములో ముంచి తీసిన, పసుపురంగు ఆకుపచ్చగా మాఱినకొలది మాంసకృత్తు ఎక్కువయని అర్థము. డబ్బామీది రంగుల వరుసతో పోల్చి ఒకటి, రెండు, మూడు, నాలుగు అని వ్రాసికొనవచ్చును. పట్టీలు లేనివారు, బడిలో రసాయనశాస్త్రము నేర్చిన పిల్లల సాయమున బ్రైటు పద్ధతిని చేయవచ్చును. పరీక్షనాళికలో మూత్రము పోసి, పైభాగమును మాత్రమే దీపముపై కాచవలెను. పైన మబ్బు కట్టిన, రెండు చుక్కల వెనిగరు వేయవలెను. మబ్బు విడిపోయిన అది మామూలు లవణము. నిలిచియున్న అది ఆల్బుమిన్. క్రిందిభాగమునకు కాక తగులదు గనుక పోల్చి చూచుటకు వీలుండును.

ఇక ఉప్పు. మందులకంటె ముందు చెప్పవలసినది ఇదియే. ఉప్పు తిన్నకొలది దప్పి, దప్పికొలది నీరు, నీటికొలది ఉబ్బు. దినమునకు అన్ని విధముల ఉప్పు కలిపి ఐదు గ్రాములు, అనగా ఒక చిన్న చెంచాడు దాటరాదు. ఉబ్బు ఎక్కువగా నున్నపుడు వైద్యుడు ఇంకను తగ్గింపుమనును. కూరలో ఉప్పు తగ్గించి, ప్రక్కన మామిడి తొక్కు వడ్డించుట మన ఇండ్లలో పరిపాటి. తొక్కు, అప్పడములు, ఎండుచేపలు, దుకాణపు మిక్చరు, ఇవి ఉప్పుగడ్డలే యని తెలియవలెను. చింతపండు, నిమ్మ, జీలకఱ్ఱ, వెల్లుల్లి, కొత్తిమీర వేసిన చప్పిడికూర జొన్నరొట్టెతో తినుట అలవాటు చేసికొనవచ్చును. రోగి ఒక్కనికే చప్పిడి పెట్టి చుట్టును కూర్చున్నవారు తొక్కు నంజుకొన్న పిల్లవాడు ఓర్చుకొనునా? ఇల్లంతయు ఉప్పు తగ్గించుటయే మేలు. ఉప్పునకు బదులని అమ్ము కొన్ని పొడులలో పొటాషియము ఉండును. అవి మూత్రము తగ్గినవారికి ప్రాణాంతకములు. మూత్రము తగ్గిన దినములలో కొబ్బరినీళ్ళు, అరటిపండ్లు, చెఱకురసము కూడ ఆ కారణముచేతనే ఆపవలెను. పొటాషియము రక్తములో హెచ్చిన గుండె లయ తప్పి ఆగును.

ఉబ్బు కనబడగానే పల్లేరుకాయల కషాయము, కొండపిండి ఆకు కషాయము, బార్లీనీళ్ళు చెంబులకొలది త్రాగించుట మన యలవాటు. మూత్రమార్గమున రాళ్ళున్నవానికి నీరు ఎక్కువ త్రాగుమనుట సమంజసమే. వడగట్టు గుడ్డ పూడినవానికి అదే సలహా ఇచ్చుట, తూము మూసికొనిపోయిన చెఱువులోనికి కాలువ విప్పుటవంటిది. మూత్రము తగ్గిన పెద్దవానికి, నిన్నటి మూత్రము ఎంతయో అంత, దానిపైన సుమారు అరలీటరు, ఇదే నేటి నీటికి హద్దు. ఆ హద్దును నిర్ణయించువాడు వైద్యుడే. కాని కొలిచి పోయువారు ఇంటివారు.

గుడ్డ చినిగి మాంసకృత్తు పోవుచున్నది గనుక పూటకు నాలుగు గ్రుడ్లు పెట్టవలెనని కొందఱందురు. అట్లు పెట్టినది గుచ్ఛములపై బరువై మరల మూత్రములోనే పోవును. అట్లని పప్పు, పాలు, గ్రుడ్డు మాన్పించి గంజిమీద పడవేయుటయు తగదు. పిల్లవానికి వాని యీడు పిల్లలు తిను పప్పు, పాలు, గ్రుడ్డు చాలును. పెద్దవానికి కిలో బరువునకు ఒక గ్రాము మాంసకృత్తుకు మించకుండ చాలును.

ఉబ్బిన చర్మము పలుచనై సులభముగా చిట్లును. గోళ్ళు కత్తిరించి, మెత్తని నూలుబట్టలు కట్టి, మడతలలో తడి లేకుండ తుడువవలెను. కాళ్ళక్రింద దిండు వేసిన ఉబ్బు దిగును. ఆయాసమున్నవానిని తల ఎత్తుగా పడుకొనబెట్టవలెను. మగపిల్లలకు వృషణములు ఉబ్బును. క్రింద మెత్తని గుడ్డ మడిచి ఆధారముగా ఉంచిన బాధ తగ్గును. నెఫ్రోటిక్ వ్యాధిలో రక్తము తేలికగా గడ్డకట్టును గనుక రోగిని మంచమునకు కట్టివేయక ఇంటిలో నడిపింపవలెను. ఒకే కాలు ఉబ్బి నొచ్చిన, ఱొమ్మున పోటు పొడిచిన ఆలస్యము కూడదు. పోయిన మాంసకృత్తులలో రోగనిరోధక పదార్థములును పోవును. ఈ పిల్లవానికి కడుపునొప్పితో జ్వరము వచ్చిన, అజీర్ణమని తలచి వాముకషాయము పోయక, వెంటనే దవాఖానకు కొనిపోవలెను. కడుపులోని నీటిలో చీము పట్టి యుండవచ్చును. ఇంటిలోగాని, బడిలోగాని ఎవరికైన ఆటలమ్మ పోసిన, ఆ మాట మఱునాడే వైద్యునికి చెప్పవలెను.

ఇప్పుడు నా ముఖ్యవిషయమునకు వచ్చుచున్నాను. ఈ వ్యాధికి పిల్లలలో మొదటి మందు ప్రెడ్నిసొలోన్ అను స్టెరాయిడు. మొదటి దాడికి ఆఱు వారములు దినదినము, పిదప మాత్ర తగ్గించి ఆఱు వారములు దినము విడిచి దినము ఇచ్చుట మన దేశపు వైద్యుల పద్ధతి. నూటికి ఎనుబదిమందికి పైగా పిల్లలకు ఈ మందుతో మూత్రము శుభ్రపడును. ఒక్కొక్కప్పుడు పది, పదునాలుగు దినములలోనే ఉబ్బంతయు దిగిపోవును. అప్పుడే ఇంటిలో పెద్దల సభ కూడును. ఉబ్బు పోయినది గదా, ఇక ఈ గోలీలెందుకు? మఱికొన్ని వారములకు పిల్లవాని ముఖము గుండ్రమగును, ఆకలి పెచ్చు పెరుగును. అప్పుడు అదే సభ మరల కూడి, మందువలననే ముఖము మరల ఉబ్బినది, ఆపివేయుడు, అని తీర్పు చెప్పును.

నా బడిలో మూడవ తరగతి చదివిన ఒక బాలుని తాత ఇట్లే తీర్పు చెప్పెను. మనుమనిపై ప్రాణమిడుకొన్నవాడు, ముఖము పున్నమచంద్రునివలె నగుటకు భయపడి గోలీలను పెంటదిబ్బపై పారవేసెను. నాలుగవనాడు బాలుడు వాంతులతో, నీరసముతో లేవలేక పడియుండెను. సకాలమున పెద్ద దవాఖానకు చేర్చినందున బ్రతికెను. పిదప తెలిసినదేమన, ఆ వారము వాని మూత్రములో ఆల్బుమిన్ చిహ్నమైనను లేదు! మందు పనిచేయుచుండెను, ముఖము మాత్రము అబద్ధమాడెను.

దీని కారణము వినుడు. మన మూత్రపిండములపై టోపీలవలె నుండు అధివృక్కగ్రంథులు దేహమునకు కావలసిన స్టెరాయిడును తామే తయారుచేయును. బయటినుండి మాత్రల రూపమున వచ్చుచుండగా అవి పని మానుకొనును. మాత్ర తటాలున ఆపిన, గ్రంథి మేల్కొనకముందే దేహము ఆధారము లేక కూలును. అందుకే మెల్లమెల్లగా తగ్గింపవలెను. ముఖము గుండ్రమగుట మందువలన వచ్చు కొవ్వు. దానిని నొక్కిన గుంట పడదు, మూత్రము స్వచ్ఛముగా నుండును. మందు తగ్గించినకొలది నెలలలో అదియు తగ్గును. వ్యాధి ఉబ్బు అట్లు కాదు. నొక్కిన గుంట పడును, మూత్రము నురుగు కట్టును. దీనికి విపర్యాసముగా, నీరు తీయు సూది వేసిన రెండు దినములలో ఉబ్బు మాయమగును. మూత్రములో ఆల్బుమిన్ మాత్రము నిన్నటివలెనే పోవుచుండును. ఆ పిల్లవాడు బాగుపడినట్లు కనబడును గాని బాగుపడలేదు. వరుసగా మూడు దినములు తొలిమూత్రములో ఆల్బుమిన్ లేకున్న, లేక జాడ మాత్రమే యున్న, వ్యాధి అణగినది. వరుసగా మూడు దినములు పట్టీ మూడుగాని, అంతకు మించిగాని చూపిన, ముఖము ఎంత చక్కగా నున్నను వ్యాధి తిరుగబెట్టినది. సగముకంటె ఎక్కువమంది పిల్లలకు ఇది ఒక్కమాఱైన తిరుగబెట్టును, దానికి బెదరవలదు. ఉబ్బు రాకముందే పట్టీవలన కనిపెట్టిన చికిత్స సులభమగును. గోలీలను అన్నము తిన్న పిమ్మటనే ఇయ్యవలెను. మందు సాగుచున్నంతకాలము రక్తపుపోటు, చక్కెర, కండ్లు చూపించుచుండవలెను. ఏ టీకాలు వేయవచ్చునో, వేటిని నిలుపవలెనో వైద్యుని అడుగక వేయింపరాదు.

పెద్దలకు ఈ వ్యాధి వచ్చినపుడు మూలము వెదకవలెను. యువతులలో కీళ్ళనొప్పులు, ముఖమున ఎఱుపు, జుట్టు రాలుటతో కూడ వచ్చిన లూపస్ అను వ్యాధిని అనుమానింతురు. మధుమేహము కలవారికి ఏండ్లు గడచినకొలది గుచ్ఛములే చెడును. చక్కెర పండించు నేలవారమైన మనకు ఈ మాట కొంచెము చేదుగా నుండవచ్చును. సంవత్సరమునకొకమాఱు మూత్రములోని ఆల్బుమిన్ పరీక్ష వారికి తప్పనిసరి.

ఇంకొక మూలమును గూర్చి, సంస్కృత వైద్యగ్రంథములను భక్తితో చదివినవాడనై యుండియు, చెప్పక తప్పదు. వేలూరు క్రైస్తవ వైద్యకళాశాల వైద్యులు, పాదరసము కలిసిన దేశీయౌషధములు వాడినవారిలో ఒక విధమగు గుచ్ఛవ్యాధిని గుర్తించి 2022లో ప్రకటించిరి. మఱుసటి యేట కేరళమున మలప్పురం జిల్లాలో, ముఖము తెల్లబడుటకు పూసికొను లేపనములవలన అదే వ్యాధి వచ్చినట్లు బయటపడెను. ఆ లేపనములయందు పాదరసముండెను. ఇట్టివారిలో చాలమందికి ఆ వస్తువును మానినంతనే క్రమముగా నయమగుట కలదు. రసశాస్త్రము శుద్ధిని, మాత్రను, పథ్యమును విధించినది. సంతలో పేరులేని పొట్లము కట్టి అమ్మువాడు వీనిలో దేనిని పాటించును? చీటి లేని భస్మమును కొనరాదని నా దృఢాభిప్రాయము. అట్లే చెఱకు నఱకువారు నడుమునొప్పికి దినదినము వేయించుకొను డైక్లోఫినాక్ సూదులు, మ్రింగు గోలీలు కూడ మూత్రపిండములకు శత్రువులు. గుచ్ఛవ్యాధి ఉన్నవారు వానిని ముట్టనేరాదు.

శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానమున వేలమందిని పీడించు మూత్రపిండవ్యాధిని మీరు పత్రికలలో చదివియుందురు. అది వేఱు. అచ్చట ముఖ్యముగా చెడునది గుచ్ఛము కాదు, దాని వెనుకనున్న గొట్టములును వాని చుట్టు కండయు. ఉబ్బు, నురుగు లేకుండనే దొంగవలె వచ్చును. 2023 డిసెంబరులో పలాసలో అందుకొఱకే పెద్ద ఆసుపత్రి తెఱచిరి. ఉబ్బు లేదు గనుక మూత్రపిండములు బాగున్నవని నిశ్చింతగా నుండరాదనుటకు ఉద్దానమే సాక్ష్యము. వారికి రక్తములో క్రియాటినిన్ పరీక్షయే దారి.

పెద్దవైద్యుడు మూత్రపిండమునుండి చిన్న ముక్క తీసి చూడవలెననిన మనవారు హడలుదురు. పిల్లలకు మొదటి దాడిలో సాధారణముగా ఇది అవసరము లేదు. పెద్దలకు అవసరము, ఏలయన ఒకే విధముగా ఉబ్బిన ముగ్గురికి మూడు వేర్వేఱు మందులు కావలసియుండును. చర్మమును మొద్దుబార్చి, యంత్రమున చూచుచు, సన్నని సూదితో దారపుముక్కంత కండ తీయుదురు. పిమ్మట కొన్ని గంటలు వెల్లకిల పండుకొనవలెను. మూత్రము ఎఱ్ఱబాఱినదా యని ప్రతిమాఱును చూచి దాదికి చూపవలెను. ఒకటి రెండు వారములు బరువులెత్తరాదు, ట్రాక్టరు తోలరాదు.

ఇక ఎప్పుడు ఇంటిపరిచర్య చాలదు? పండ్రెండు గంటలు మూత్రము లేకున్న, మూర్ఛ వచ్చిన, తీవ్రమగు తలనొప్పితో చూపు మసకబాఱిన, పడుకొన్న ఆయాసము హెచ్చిన, మగతగా నున్న, జ్వరముతో కడుపు నొచ్చిన, 108 వాహనమును పిలిచి బోధనుకో నిజామాబాదుకో పోవలెను. తెల్లవాఱనిమ్మని కూర్చుండరాదు.

గజ్జివలన వచ్చిన నెఫ్రైటిస్ కోలుకొన్న పిల్లవానికి కంటికి కనబడు రక్తము ఒకటి మొదలు మూడు వారములలో పోవును. సూక్ష్మదర్శినిలో మాత్రమే కనబడు రక్తము సంవత్సరమువఱకును, అంతకు మించియు నిలువవచ్చును. అంతమాత్రమున ఆటపాటలు మాన్పింపవలదు. ఆ సంవత్సరము మూడు నెలలకొకమాఱు మూత్రము, రక్తపుపోటు చూపించిన చాలును. దవాఖానకు పోవునపుడు నోటుపుస్తకమును, వాడుచున్న మందుల అట్టలను, నాటుమందుల పొట్లములను కూడ ఒక సంచిలో వేసికొని పోవలెను. పొట్లముపై పేరు లేకున్నను ఆ పొట్లమునే వైద్యుని ముందుంచవలెను.